మొదటి గేమింగ్ పీసీ, 80 వేలు, పర్లాకిమిడి: లిస్టు చూసి తిట్టండి

పర్లాకిమిడి_పిల్లోడు | 2026 జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. డిగ్రీ ఆఖరి ఏడాది నాది. నాన్న 50 ఇస్తానన్నాడు, ట్యూషన్లు చెప్పి నేను కూడబెట్టింది 30. ఇంతకుముందు కంప్యూటర్ విప్పి చూసిన పాపాన పోలేదు, వీడియోలు మాత్రం వంద చూసుంటాను.

లిస్టు ఇదీ. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ, ఏ520 మదర్‌బోర్డు, ర్యామ్ 8 జీబీ డీడీఆర్4 ఒక స్టిక్కు, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5060, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. ముందు గాజు, నాలుగు రంగుల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్టు, దాంతోపాటే 600 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) ఉచితం. 24 అంగుళాల మానిటర్, లైట్ల కీబోర్డు, గేమింగ్ కుర్చీ (9 వేలు).

ఆడేది వాలరెంట్, జీటీఏ 5, కొంచెం క్రికెట్. మొహమాటం లేకుండా చెప్పండి.

బరంపురంపట్టు | జనవరి 6, రాత్రి 10:05

గురూ, కుర్చీ కొట్టెయ్. మిగతాది తర్వాత మాట్లాడదాం.

కోరాపుట్_కాఫీ | జనవరి 6, రాత్రి 10:50

తమ్ముడూ, లిస్టులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, 5600జీ, 5060 ఒకదానికొకటి పొసగవు. ఆ జీ ఉన్న చిప్పులో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, నిజమే. కానీ దానికి ఎల్3 క్యాష్ (చిప్పు లోపలి చిన్న మెమరీ) 16 ఎంబీ, జీ లేని 5600కి 32. గేముల్లో ఆ తేడా కనిపిస్తుంది. పైగా కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి పీసీఐఈ ఉంది చూడు, జీ చిప్పు దాని 3.0 దగ్గరే ఆగిపోతుంది. 5060 కార్డేమో ఎనిమిది లేన్లతోనే పనిచేస్తుంది. 4.0 బోర్డులో ఎనిమిది లేన్లు సరిపోతాయి గానీ 3.0లో దారి సగమైపోతుంది. కార్డులో ఉన్న 8 జీబీ నిండాక మిగిలిన సరుకు ఆ దారిలోంచే రావాలి కదా, అప్పుడు గేమ్ గుటుక్కు గుటుక్కుమంటూ నడుస్తుంది. ఏ520 బోర్డుదీ అదే కథ, అదీ 3.0యే. అందుకని మామూలు 5600, దానికి బీ550 బోర్డు తీసుకో.

రెండోది ఆ ఒంటి ర్యామ్ స్టిక్కు. 8 జీబీ ఇప్పుడు చాలదు. పైగా ఒక్కటే పెడితే ఒక్క ఛానెలే (మెమరీ దారే) నడుస్తుంది. ఎనిమిది జీబీలవి రెండు పెట్టుకో.

ర్యామ్ ధర సంగతి నాకు తెలుసులే. నిరుడు దసరా ముందు ధరకీ ఇప్పటి ధరకీ పోలిక లేదు. ఏఐ సర్వర్ల కోసం మెమరీ అంతా అటే పోతోంది. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్ళకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నామని చెప్పేసింది. నా పాత మెషీన్‌లోంచి తీసిన 2×8 డీడీఆర్4 3200 కిట్టు ఒకటి ఖాళీగా పడుంది. పాత ధరకే ఇస్తాను, జయపురం వచ్చి పట్టుకెళ్ళు, లేదా కొరియర్ చేస్తాను.

బరంపురంపట్టు | జనవరి 6, రాత్రి 11:20

అసలు ఈ రోజుల్లో ఏఎం4 ఎందుకు గురూ? చచ్చిన సాకెట్టు (ప్రాసెసర్ కూర్చునే గూడు) అది. ఏఎం5కి వెళ్ళు, రైజెన్ 5 7600 వేసుకో, రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

కోరాపుట్_కాఫీ | జనవరి 6, రాత్రి 11:31

ఏఎం5కి కావాల్సిన డీడీఆర్5 ర్యామ్ నువ్వు కొనిస్తావా?

బరంపురంపట్టు | జనవరి 6, రాత్రి 11:33

సరే, ఏఎం4యే.

బల్లార్షా_బొగ్గు | జనవరి 7, ఉదయం 7:15

తమ్మీ, నేను మహారాష్ట్ర దిక్కు నుంచి. మా నాన్న గనిల పనిచేసిండు, ఇక్కడే పుట్టి పెరిగినం. క్యాబినెట్టు గురించి నేను చెప్తా, ఎందుకంటే దాంట్ల నేను మునిగిన.

ముంగట అద్దం ఉన్న డబ్బా కొనకు. మస్తుగ మెరుస్తది గని గాలి ఎటునుంచి పోతది చెప్పు? మా దగ్గర మే నెలల 45 దాటుతది. బయటి గాలే అంత వేడి ఉంటే లోపల కార్డు ఏం కావాలె? నాది అద్దం డబ్బా ఉన్నప్పుడు కార్డు 84 దాక పోయేది. పక్క డోరు తీసి టేబుల్ ఫ్యాను పెడితే 70కి దిగింది. గప్పుడు సమజైంది నాకు, పైసలు అద్దానికి పెట్టిన అని.

ముంగట జాలీ ఉన్నది తీసుకో. ముంగట రెండు ఫ్యాన్లు లోపలికి గుంజేటివి, ఎనుక ఒకటి బయటికి తోసేది. లోపలికొచ్చే గాలి ఎక్కువుంటే దుమ్ము సందులల్లకెల్లి రాదు, జాలీ దగ్గరనే ఆగుతది. ఆ జాలీ తీసి కడుక్కునేటట్టు ఉండాలె. మాకు బొగ్గు పొడి, పదిహేను రోజులకోసారి కడుగుతే నీళ్ళు నల్లగ వస్తయి. మీ దగ్గర గంత ఉండదు కావచ్చు.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 7, మధ్యాహ్నం 1:10

అన్నలందరికీ దండాలు. 5600, బీ550, జాలీ క్యాబినెట్టు, కాఫీ అన్నయ్య ర్యామ్. కుర్చీ కొట్టేశాను, మనసు చంపుకొని. మరి ఎస్ఎంపీఎస్ ఉచితంగా రాదు కదా ఇప్పుడు? 600 వాట్లంటే ఏది కొన్నా ఒకటేనా?

టంకం_బాబాయి | జనవరి 7, రాత్రి 8:30

ఒకటేనా అని అడిగావు చూడు, అందుకే రాస్తన్నాను. రాయగడలో ముప్పై ఏళ్ళు టీవీలు, ఎస్ఎంపీఎస్‌లు, ఇన్వర్టర్లు బాగుచేసినోణ్ణి. మీ గేములేటో నాకు తెల్దు. కరెంటు తెల్సు.

ఆ ఉచితం డబ్బా చేతిలోకి తీసుకో. కొబ్బరి చిప్పంత తేలిగ్గా ఉంటాది. మీద స్టిక్కరు చూడు, పైన పెద్ద అక్షరాల్లో 600 అని ఉంటాది. కింద గళ్ళలో 12 వోల్టులకి ఎన్ని ఆంపియర్లు రాశాడో వెతుకు. మా షాపుకొచ్చిన ఒకదానిమీద 18 అని ఉండీది. పన్నెండు పద్దెనిమిదులు 216. ప్రాసెసరూ కార్డూ తినీది ఆ 12 వోల్టులే. అంటే అది 216 వాట్ల డబ్బా, 600 అని పేరెట్టుకుంది. నిజమైన 550కి ఆ గడిలో 45 దగ్గర ఉంటాది, లెక్కేసుకో, 540.

ఇంకోటి. ఇన్‌పుట్ దగ్గర 100 నుంచి 240 అని రాసున్నదే కొను, 200-240 అని ఉన్నది వద్దు. సాయంత్రం ఏడుకి మనూళ్ళో వోల్టేజి 180కి జారిపోతాది, రెండోది ఆ దెబ్బకి ఆరిపోయి మళ్ళా లేస్తాది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగీది సర్దే సర్క్యూట్టు) ఉన్నవి ఎక్కువగా 100-240 వే.

సరే, ఇవన్నీ తర్వాత. ముందు ఇది చెప్పు. మీ ఇంట్లో ఎర్తింగు ఉందా?

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 7, రాత్రి 8:52

ఉంది బాబాయి, ప్లగ్గులన్నీ మూడు కన్నాలవే.

టంకం_బాబాయి | జనవరి 7, రాత్రి 9:01

కన్నం ఉంటే ఎర్తింగు ఉన్నట్టు కాదురా నాయనా. ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే జిల్లుమంటాదా?

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 7, రాత్రి 9:03

అంటాది. అమ్మ చెప్పులేసుకునే తీస్తాది. మా ఇంట్లో అది మామూలే.

టంకం_బాబాయి | జనవరి 7, రాత్రి 9:35

మామూలే అంటావేటి!

ఎస్ఎంపీఎస్ లోపలికి కరెంటొచ్చిన చోటే చిన్న ఫిల్టరు ఉంటాది. అందులో ఫేజు నుంచి ఒక కెపాసిటరు, న్యూట్రల్ నుంచి ఒక కెపాసిటరు, రెండూ ఇనప బాడీకి కలుస్తాయి. బాడీకి వచ్చిన కొద్దిపాటి కరెంటు ఎర్తు తీగలోంచి భూమిలోకి పోవాలని అలా పెడతారు. ఆ తీగ ఎక్కడికీ పోకపోతే? బాడీ మధ్యలో వేలాడుతాది, 230లో సగం, 115 దాకా. ఆంపియర్లు బహు తక్కువ కాబట్టి మనిషికి జిల్లుమనడమే. అయితే నువ్వు ఆ క్యాబినెట్టుకి హెచ్‌డీఎంఐ తీగ గుచ్చినప్పుడూ, కేబుల్ టీవీ డబ్బాకి కలిపినప్పుడూ ఆ 115 వెతుక్కునేది దారినే. పోర్టులు కాలిపోయి నా దగ్గరికొచ్చినవి ఎన్నో. ఇంక ఏదో రోజు నిజంగా ఫేజు తీగే బాడీకి తగిలిందనుకో, ఫ్యూజు పోదు, మనిషి పోతాడు.

మల్టీమీటరు ఎవరినైనా అడిగి తెచ్చి మూడు లెక్కలు తియ్యి: ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు. తెలిసినోణ్ణి పక్కనెట్టుకునే చెయ్యి. ఈ మూడూ చెప్పేదాకా ఒక్క సామానూ కొనకు.

బరంపురంపట్టు | జనవరి 7, రాత్రి 10:10

బాబాయ్ గారూ, గ్రాఫిక్స్ కార్డు గురించి అడిగితే గొయ్యి తవ్వమంటున్నారు 😀

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 9, సాయంత్రం 5:20

కాలేజీ ల్యాబు అసిస్టెంటు అన్నని తీసుకొచ్చి కొలిచాం. ఫేజు-న్యూట్రల్ 226. ఫేజు-ఎర్తు 94. న్యూట్రల్-ఎర్తు 128.

టంకం_బాబాయి | జనవరి 9, సాయంత్రం 6:00

అనుకున్నదే. ఫేజు-ఎర్తు కూడా 226 దగ్గరే రావాల, న్యూట్రల్-ఎర్తు రెండు మూడు వోల్టులు దాటకూడదు. నీ ఎర్తు తీగ గాల్లో ఉంది. ఎక్కడ తెగిందో పెరట్లో చూడు.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 11, ఉదయం 10:45

దొరికింది బాబాయి. 2018లో తిత్లీ తుఫానుకి మా వీధిలో స్తంభాలన్నీ పడిపోయాయి. చెట్టు పడి మా వెనక గోడ కూలింది. ఆ గోడ పక్కనే ఉండేదంట పాత ఎర్తు పైపు. తర్వాత గోడ కొత్తగా కట్టి వైరింగు అతుకేశారు గానీ పైపుని ఎవడూ పట్టించుకోలేదు. ఏడేళ్ళుగా ఇలాగే ఉన్నామన్నమాట.

నాన్నకి చెప్తే "కంప్యూటర్ కొంటానని ఇల్లు తవ్వుతావేటి" అన్నాడు. ఫ్రిజ్జు మీద చెయ్యి వెయ్యమన్నాను. వేశాడు. సరే తవ్వించు అన్నాడు.

టంకం_బాబాయి | జనవరి 11, మధ్యాహ్నం 12:15

జీఐ (జింకు పూత ఇనప) పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా, పైన నీళ్ళు పొయ్యడానికి గరాటు. వేసవిలో వారానికోసారి బిందెడు నీళ్ళు పోస్తుండు, భూమి ఎండితే ఎర్తు ఎండినట్టే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్నే పిలు. ఖర్చు కంప్యూటర్ లెక్కలో రాయకు, ఇంటి లెక్కలో రాయి, మీ నాన్న ఒప్పుకుంటాడు.

కోరాపుట్_కాఫీ | జనవరి 12, రాత్రి 9:00

ఈలోగా మిగతాది తేల్చుకుందాం. కరెంటు లెక్క: 5060కి 145 వాట్లు, 5600 చిప్పు 65 అంటారు గానీ బరువు పడితే ఇంకో పది తింటుంది. బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ కలిపి ఓ 40. మొత్తం 260 చుట్టూ. ఈ కార్డుకి ఎన్విడియా 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టుకోమంటుంది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే ముద్ర) 550 చాలు. 750 అక్కర్లేదు, ఎవడు చెప్పినా వినకు.

యూపీఎస్ మానకు. మానిటర్ కలుపుకొని 300 వాట్లు. 600 వీఏ అని అమ్మేవి మామూలుగా 360 వాట్లవే, అంచుమీద నడుస్తుంది. 1000 వీఏ తీసుకో. అందులోనే వోల్టేజి సర్దే ఏర్పాటు ఉంటుంది కాబట్టి వేరే స్టెబిలైజర్ దండగ.

మానిటర్ ఐపీఎస్ ప్యానెల్, 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకి తెర మీద బొమ్మ 144 సార్లు మారడం) లేదా ఆపైన ఏదైనా. వాలరెంట్‌కి దానివల్ల వచ్చే సుఖం వేరే దేనివల్లా రాదు. కీబోర్డు చవకది కొను, మౌసు మాత్రం మంచిది.

బరంపురంపట్టు | జనవరి 12, రాత్రి 9:30

8 జీబీ కార్డు మీద నాకు ఇంకా మనసొప్పట్లేదు. ఏఎండీ కార్డు 9060 ఎక్స్‌టీలో 16 జీబీది ఉంది. రెండేళ్ళ తర్వాత కొత్త గేములు వచ్చినప్పుడు వీడు నన్నే తిడతాడు.

లేదా సెకండ్‌హ్యాండ్ 3060 12 జీబీ చూడొచ్చు.

కోరాపుట్_కాఫీ | జనవరి 12, రాత్రి 9:48

16 జీబీది మంచి కార్డే, కాదనను. వీడి 80లో పట్టదు, అంతే. పట్టించాలంటే యూపీఎస్ తియ్యాలి, అది నేను తియ్యనివ్వను.

సెకండ్‌హ్యాండ్ మాత్రం మొదటిసారి వాడికి చెప్పకు. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టో మైనింగ్ ఆగిపోయినప్పుడు రాత్రింబగళ్ళు కాలిన కార్డులు గుట్టలుగా బజార్లో పడ్డాయి, అవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. చూసి పోల్చుకోవడం నీకూ నాకూ వచ్చు, వాడికి రాదు.

బల్లార్షా_బొగ్గు | జనవరి 13, ఉదయం 6:50

కొనేది యాడ? గది చెప్పలే ఎవ్వరు. నాకు నాగపూర్ దగ్గర, మీకు విశాఖ కావచ్చు. ఆన్‌లైన్‌ల రెండు వేలు తక్కువ దొరుకుతది గని, కార్డు ఖరాబైతే ఎవ్వని దగ్గరికి పోతవ్? నేను ఒకసారి దూరపు షాపుల కొన్న, పేరు చెప్ప. నాలుగు నెలలు కొరియర్ అటు ఇటు తిరిగింది.

ప్రాసెసర్ డబ్బాల సీలుతోని వచ్చిందే తీసుకో, డబ్బా లేకుండ ట్రే ప్రాసెసర్ అని తక్కువకిస్తరు, దానికి ఏఎండీ మూడేండ్ల వారంటీ రాదు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాపియ్యి. డబ్బాలు పారేయకు, అటక మీద పెట్టు.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 18, రాత్రి 10:30

పండగెళ్ళాక గుణుపురం-విశాఖ పాసింజరెక్కి వెళ్ళొచ్చాను. అన్నీ ఒకే షాపులో తీసుకున్నాను. షాపాయన ఉచితం ఎస్ఎంపీఎస్ అంటగట్టబోయాడు. తిప్పి 12 వోల్టుల గడి చూశాను. నా మొహం కేసి చూసి, మాట్లాడకుండా లోపలెట్టేశాడు. ఆ ఒక్క క్షణానికే పాసింజర్ చార్జీ వచ్చేసింది బాబాయి!

మానిటర్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను, పాతపట్నం దాటి మహేంద్రతనయ కనిపించేసరికి కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. కాఫీ అన్నయ్యా, ర్యామ్ కొరియర్ అందింది. లోపల కాఫీ పొడి ప్యాకెట్టు కూడా ఉంది. అమ్మ మీకు జీడిపప్పు పంపుతానంటోంది.

ఎర్తింగు అయిపోయింది. న్యూట్రల్-ఎర్తు 1.4. అమ్మ ఉత్త కాళ్ళతో ఫ్రిజ్జు తీసింది.

కోరాపుట్_కాఫీ | జనవరి 18, రాత్రి 10:55

బిగించేముందు నాలుగు మాటలు. బోర్డు వెనక ఐఓ పలక (పోర్టులకి కన్నాలుండే రేకు) ముందే పెట్టు, అందరూ మర్చిపోయి మళ్ళీ అంతా విప్పుతారు. ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడిలో, నాలుగో గాడిలో. ఏఎం4 చిప్పుకి పిన్నులు చిప్పుకే ఉంటాయి. బంగారు త్రికోణం చూసుకొని ఊరికే వదిలితే దానంతటదే కూర్చుంటుంది, నొక్కావో వంగుతాయి. కూలర్ కింద పేస్టు కంపెనీయే రాసి ఇస్తుంది, నువ్వు మళ్ళీ రాయకు, వేలు పెట్టకు. ప్రాసెసర్‌కి పైమూల వేరే కరెంటు తీగ ఉంది, 8 పిన్నులది, మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ బొమ్మ రాదు.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 25, మధ్యాహ్నం 3:15

అన్నలూ, అర్జెంటు. పొద్దున్నుంచీ బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, కీబోర్డు వెలుగుతోంది. మానిటర్ మాత్రం "సిగ్నల్ లేదు" అంటోంది. 8 పిన్నుల తీగ పెట్టాను. ర్యామ్ మూడుసార్లు తీసి పెట్టాను. నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏమీ అనట్లేదు, అదే భయం.

బరంపురంపట్టు | జనవరి 25, మధ్యాహ్నం 3:19

హెచ్‌డీఎంఐ ఎక్కడ గుచ్చావు? ఫోటో పెట్టు.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 25, మధ్యాహ్నం 3:22

వెనక, యూఎస్‌బీల పక్కన.

బరంపురంపట్టు | జనవరి 25, మధ్యాహ్నం 3:23

అది బోర్డుది గురూ! నీ 5600లో గ్రాఫిక్స్ లేదు కదా, ఆ కన్నంలోంచి ఏం వస్తుంది? కింద అడ్డంగా ఉన్న కార్డుకి పెట్టు.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 25, మధ్యాహ్నం 3:26

వచ్చింది!!!!

నాన్న "ఇంతేనా" అని వెళ్ళిపోయాడు.

కోరాపుట్_కాఫీ | జనవరి 25, సాయంత్రం 4:40

అందరం చేసినవాళ్ళమే. ఇప్పుడు బయాస్‌లోకి (ఆన్ చెయ్యగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) పెట్టు, లేకపోతే 3200 ర్యామ్ 2400 దగ్గరో 2666 దగ్గరో కుంటుతూ నడుస్తుంది. అక్కడే టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్ చేసుకో. విండోస్ 11 మీద అవి లేకపోతే వాలరెంట్ తెరుచుకోదు. విండోస్ 10 వేద్దామనుకోకు, దానికి నిరుడు అక్టోబరు 14తో నూకలు చెల్లిపోయాయి.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 28, రాత్రి 11:50

అన్నీ చేశాను. వాలరెంట్ 200 ఫ్రేములు పైనే చూపిస్తోంది. కాని నా ఫ్రెండు వాళ్ళింట్లో ఉన్నంత మెత్తగా లేదనిపిస్తోంది. నా భ్రమేనా?

బల్లార్షా_బొగ్గు | జనవరి 29, ఉదయం 7:05

భ్రమ కాదు తమ్మీ. విండోస్‌ల డిస్‌ప్లే సెట్టింగ్ తెరువు, హెర్ట్జ్ 60 మీద ఉంటది చూడు. నేను ఎనిమిది నెలలు గట్లనే ఆడిన, ఎవ్వరికి చెప్పకు.

పర్లాకిమిడి_పిల్లోడు | జనవరి 29, సాయంత్రం 5:30

60 మీదే ఉంది! 144 పెట్టాను. మౌసు బాణం కదిలిస్తుంటేనే నవ్వొస్తోంది.

పర్లాకిమిడి_పిల్లోడు | ఫిబ్రవరి 3, రాత్రి 10:15

నిన్న రాత్రి మ్యాచ్ మధ్యలో వీధంతా కరెంటు పోయింది. యూపీఎస్ బీప్ బీప్ మంది. నాన్న టార్చి పట్టుకొని పరిగెత్తుకొచ్చాడు, "పోనాదా? పోనాదా?" అంటూ. తెర వెలుగుతూనే ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఆ చీకట్లో ఇద్దరం కూర్చొని ఇంకో తొమ్మిది నిమిషాలు ఆడేశాను బాబాయి, మ్యాచ్ గెలిచాం కూడా!

టంకం_బాబాయి | ఫిబ్రవరి 3, రాత్రి 10:40

ఒరే, అది షట్‌డౌన్ చేసుకోడానికిరా ఇచ్చింది.